కాలనీ పార్కు నిర్వహణ మన సంఘం చేతికి తీసుకోవచ్చా? అనుభవం ఉన్నవారు చెప్పండి

మందారం (చర్చ మొదలుపెట్టినవారు)

అందరికీ నమస్కారం. మాది హైదరాబాద్ శివార్లలో ఒక కాలనీ. ఎకరం పైన ఉన్న పార్కు ఉంది. కొన్నేళ్ల కింద మున్సిపాలిటీ వాళ్లే బాగు చేయించారు. వాకింగ్ ట్రాక్, లాన్, ఓపెన్ జిమ్, పిల్లలకు ఉయ్యాలలు, జారుడుబల్ల, మధ్యలో ఫౌంటెన్. రిబ్బన్ కట్ చేసినప్పుడు నిజంగా కళ్లు తిప్పుకోలేనట్టు ఉండేది.

ఇప్పుడు లాన్ సగం ఎండిపోయింది. ఫౌంటెన్ మోటారు కాలిపోయి, నిలిచిన నీళ్లలో దోమలు. ఒక ఉయ్యాల గొలుసు తెగి వేలాడుతోంది. మొదట్లో ఇద్దరు మాలీలు ఉండేవారు. కాంట్రాక్టు గడువు అయిపోయాక ఒక్కరే వస్తున్నారు, ఆయనకే ఇంకో రెండు పార్కులు కూడా అప్పగించారు. ఆఫీసులో అడిగితే "మీ సంఘం దత్తత తీసుకోండి, మేం సహకరిస్తాం" అంటున్నారు.

మా కమిటీలో సగం మంది సరే అంటున్నారు, సగం మందికి డబ్బు టెన్షన్. వచ్చే ఆదివారం మీటింగ్. తీసుకుంటే ఏం చూసుకోవాలి? తీసుకోకపోతే ఎవరిని ఎలా అడగాలి? దయచేసి చెప్పండి.

రోజూ నడక

అమ్మా, నా మాట వింటే తీసుకోకండి. మనం ఆస్తి పన్ను కడుతున్నాం. లేఅవుట్ వేసినప్పుడు ప్లాటు ధరలోనే పార్కు స్థలం ఖర్చు కూడా కట్టాం. మళ్లీ నెలనెలా చందా ఎందుకు? ఒకసారి మనం మొదలుపెడితే ఆఫీసు వాళ్లు ఇక ఆ వైపు రారు. మా పక్క కాలనీలో అదే జరిగింది. రెండేళ్లు ఉత్సాహంగా నడిపారు, తర్వాత అధ్యక్షుడు ఇల్లు మారారు, చందాలు ఆగిపోయాయి, గేటుకు తాళం పడింది.

ఇంకో మాట. 2019 తెలంగాణ మున్సిపాలిటీల చట్టంలో బడ్జెట్‌లో 10 శాతం పచ్చదనానికి కేటాయించాలని ఉంది. హరిత బడ్జెట్ అని వినే ఉంటారు. మీ వార్డులో ఆ డబ్బు దేనికి ఖర్చయిందో సమాచార హక్కు కింద అడగండి. మొదటి ఉత్తరం అదే కావాలి.

పాత సూపర్‌వైజరు

నేను ఉద్యానవన విభాగంలో పనిచేసి రిటైర్ అయ్యాను. పార్కులు కట్టడం, అవి పాడవడం రెండూ దగ్గరగా చూశాను. మందారం గారూ, మీరు చెప్పిన వరుస చూస్తుంటే పార్కు ఎక్కడ దెబ్బతిందో తెలిసిపోతోంది. కట్టడానికి ఎక్కడో ఒకచోట నిధి దొరుకుతుంది. పట్టణాల కోసం కేంద్రం తెచ్చిన అమృత్ పథకంలో కూడా నిధుల్లో 2.5 శాతం వరకు పార్కులకు పెట్టుకోవచ్చన్నారు, దానితో చాలా ఊళ్లలో కొత్త పార్కులు వచ్చాయి. కానీ రోజూ నీళ్లు పెట్టే మనిషి జీతం ఆ నిధిలోంచి రాదు. అది మున్సిపాలిటీ సొంత ఆదాయంలోంచి, ఏటా టెండరు పిలిచి ఇవ్వాలి. ఆ టెండరు రెండు మూడు నెలలు ఆలస్యమైతే, అందులోనూ ఎండాకాలంలో అయితే, ఐదేళ్లు పెంచిన లాన్ పోతుంది.

అందుకే ముందు లాన్ లెక్క చూడండి. ఎండాకాలంలో గడ్డికి చదరపు మీటరుకు రోజుకు ఇంచుమించు 5 లీటర్ల నీళ్లు కావాలి. అర ఎకరం అంటే 2,000 చదరపు మీటర్లు. రోజుకు 10,000 లీటర్లు. రోజూ ఒక పెద్ద ట్యాంకర్ అన్నమాట. మీ బోరు ఏప్రిల్, మే నెలల్లో అంత ఇస్తుందా? ఇవ్వకపోతే ఆ లాన్‌ను ఎవరూ కాపాడలేరు, సంఘమైనా, ఆఫీసైనా. పిల్లలు ఆడుకునే మేరకు, గేటు దగ్గర కొంచెం లాన్ ఉంచండి. మిగతాచోట మన గరిక వదిలేయండి. ఎండకు పసుపు పచ్చబడినా, రెండు వానలు పడగానే లేచి వస్తుంది. చెట్ల నీడ పడేచోట గడ్డి ఎలాగూ రాదు, అక్కడ ఎండుటాకులు పరచండి, నేల తడి నిలుస్తుంది.

దగ్గరలో మురుగునీటి శుద్ధి కేంద్రం ఉంటే శుద్ధి చేసిన నీళ్లు అడగండి. తాగేనీటి ట్యాంకర్ పార్కులో పోయడం నాకు ఎప్పుడూ మనసొప్పదు.

ఫౌంటెన్ మాట సూటిగా చెబుతాను, తీసేయించండి. కాలనీ పార్కుకు ఫౌంటెన్ వద్దు. మోటారు, నాజిల్స్, నాచు, కరెంటు, అన్నీ ఖర్చే. తీసేసేవరకు వారానికి ఒకసారి పూర్తిగా ఖాళీ చేసి ఎండబెట్టాలి. డెంగీ దోమ గుడ్డు నుంచి దోమగా మారడానికి వారం, పది రోజులు చాలు. ఆ తొట్టిని మట్టితో నింపి అందులో పూల మొక్కలు వేస్తే అందం అలాగే ఉంటుంది.

ఆకులు తగలబెట్టనివ్వకండి. ఒక మూల గుంత తీసి ఆకులు, పేడ వరుసలుగా వేసి తడుపుతూ ఉంటే నాలుగైదు నెలల్లో ఎరువు. మీ పార్కుకు ఎరువు కొనే అవసరం ఉండదు.

మాలి గారి అబ్బాయి

సూపర్‌వైజర్ సార్ చెప్పినవన్నీ నిజం. కానీ వీటన్నిటినీ చేసే మనిషి గురించి కూడా చెప్పాలి.

మా నాన్న ఏజెన్సీ కింద మాలిగా చేశారు. టెండరు మారినప్పుడల్లా ఏజెన్సీ మారేది, మనిషి ఆయనే, పార్కు అదే. మారిన ప్రతిసారీ జీతం రెండు నెలలు ఆగేది. పీఎఫ్ పాత ఖాతాలో ఎంత పడిందో, కొత్త ఖాతా ఉందో లేదో ఎవరూ చెప్పేవారు కాదు. గడ్డి కోసే మిషన్ చెడిపోతే బాగు చేయించేది ఏజెన్సీయా, ఆఫీసా అన్నది తేలక, నాన్న కొడవలితో కూర్చుని కోసేవారు. చేతికి తొడుగులు లేవు. పార్కు మొత్తం ఆయన చేతిలో ఉండేది, ఆయన అన్నం తినడానికి నీడలో ఒక గది ఉండేది కాదు.

మందారం గారూ, మీరు పార్కు తీసుకున్నా తీసుకోకపోయినా, ముందు ఇప్పుడున్న మాలిని కూర్చోబెట్టి అడగండి. ఏ వాల్వు లీకవుతుందో, పైపు ఎక్కడ పగిలిందో, ఏ చెట్టు కొమ్మ ఊగుతోందో ఆయనకు తెలుసు. ఆయన్ను ఒక్క పార్కుకే ఉంచమని రాతపూర్వకంగా కోరండి. మూడు పార్కులకు ఒక్క మనిషి అంటే మూడు పార్కులకూ మనిషి లేనట్టే. ఆడవాళ్లు పనిచేస్తుంటే టాయిలెట్ తాళంచెవి వాళ్ల దగ్గర ఉందో లేదో చూడండి. చాలాచోట్ల టాయిలెట్ కడతారు, తాళం వేసి పెడతారు.

లా పాయింట్

దత్తత అనే మాట విని చాలామంది పార్కు మనదైపోతుందనుకుంటారు. కాదు. స్థలం స్థానిక సంస్థదే. మీరు నిర్వహణ మాత్రమే చేస్తారు.

ముందు మూడు కాగితాలు చేతికి రావాలి: ఆమోదించిన లేఅవుట్ ప్లాను, పార్కు స్థలాన్ని మున్సిపాలిటీకి రాసిచ్చిన గిఫ్ట్ డీడ్, సర్వే స్కెచ్. మన లేఅవుట్ నిబంధనల ప్రకారం 10 శాతం స్థలం ఖాళీగా వదిలి స్థానిక సంస్థకు రాసివ్వాలి. రాయకుండా వదిలేసిన లేఅవుట్లు బోలెడు ఉన్నాయి. అలాంటి చోట కొన్నేళ్లకు ఎవరో ఒకరు "ఇది నా ప్లాటు" అంటూ వస్తారు. 2024లో ఆక్రమణలు తొలగించే ప్రభుత్వ సంస్థ హైడ్రా వచ్చాక ఆక్రమణ తీసేసిన పార్కుల్లో ఈ కథలు చాలా బయటపడ్డాయి. కొలతలు వేయించి, చుట్టూ ఫెన్సింగ్ ఉందో లేదో చూసుకోండి.

పార్కులో ఒక మూల కమ్యూనిటీ హాలు, గుడి, వాటర్ ట్యాంకు కడదామని కమిటీలోనే ఎవరో అంటారు. దయచేసి ఒప్పుకోకండి. 1991లో బెంగళూరు మెడికల్ ట్రస్ట్ కేసులో సుప్రీంకోర్టు స్పష్టంగా చెప్పింది. సదాశివనగర్ ప్రాంతంలో పార్కుకు వదిలిన స్థలాన్ని ప్రైవేటు నర్సింగ్ హోమ్‌కు ఇచ్చారు, కాలనీ వాళ్లు కోర్టుకు వెళ్లారు, ఆ కేటాయింపు చెల్లదని తీర్పు వచ్చింది. ఆసుపత్రి మంచిదే కదా అన్న వాదన నిలబడలేదు. పార్కుకు వదిలింది పార్కుగానే ఉండాలి. ముప్పై ఏళ్లు దాటినా కాలనీలకు ఆ తీర్పే పెద్ద అండ.

ఒప్పందం రాసుకుంటే మాత్రం కరెంటు బిల్లు ఎవరు కడతారు, బోరు పోతే ఎవరు వేయిస్తారు, ఎవరికైనా దెబ్బ తగిలితే బాధ్యత ఎవరిది, గడువు ఎన్నేళ్లు, మధ్యలో వదిలేయాలంటే ఎలా అన్నవన్నీ అందులో ఉండాలి. నోటి మాటగా తీసుకోవద్దు.

రోజూ నడక

లా పాయింట్ గారు చెప్పింది చదివాక నా మాట మీద ఇంకా గట్టిగా ఉన్నాను. ఇన్ని బాధ్యతలు కాలనీ వాళ్ల నెత్తిన ఎందుకు? డబ్బున్న కాలనీ పార్కులు బాగుంటాయి, బస్తీ పార్కులు ఎండిపోతాయి. ఈ దత్తతల వల్ల జరిగేది అదే. ప్రతి పార్కూ ఒకేలా చూడాల్సింది నగరం.

బెంగళూరు బస్సు

నడక గారి బాధ నిజమైనదే. కానీ ఒక మధ్య దారి ఉంది. చండీగఢ్‌లో కార్పొరేషన్ చిన్న పార్కులను కాలనీ సంఘాలకు అప్పగించి, చదరపు మీటరుకు ఇంత అని నెలనెలా డబ్బు కూడా ఇస్తుంది. సంఘం మనిషిని పెట్టుకుంటుంది, పని చూసుకుంటుంది, డబ్బు మాత్రం ప్రజల పన్నుదే. పని సరిగ్గా లేకపోతే ఆపేస్తారు. మన దగ్గర "దత్తత" అంటే డబ్బు కూడా మీదే అన్నట్టు మాట్లాడతారు. మందారం గారు ఆఫీసులో ఈ ఉదాహరణ చెప్పి అడగవచ్చు. ఇలా అయితే బస్తీ సంఘం కూడా నడపగలదు.

వేళల గురించి ఎవరూ అనలేదు. చాలా పార్కులు పొద్దున, సాయంత్రం తెరిచి మధ్యాహ్నం తాళం వేస్తాయి. వాకింగ్ చేసేవాళ్లకు అది సరిపోతుంది. కానీ మధ్యాహ్నం నీడ కావాల్సింది ఎవరికి? డెలివరీ కుర్రాళ్లకు, రెండు ఇళ్ల మధ్య పని చేసుకునే అమ్మలకు, గదిలో గాలాడక పుస్తకం పట్టుకుని వచ్చే విద్యార్థులకు. బెంగళూరులో కబ్బన్ పార్కులో మధ్యాహ్నం చెట్ల కింద వందల మంది కనిపిస్తారు. ఆ పార్కు 1870 నుంచి ఉంది. వాళ్ల వల్ల ఏ చెట్టూ పాడవలేదు.

రోజూ నడక

మధ్యాహ్నం తెరిస్తే మందు తాగేవాళ్లు వస్తారండీ. మాకు అనుభవమే. సీసాలు పగలగొట్టి వెళ్తారు, పొద్దున చెప్పులు లేకుండా నడిచే పెద్దవాళ్ల కాళ్లకు గుచ్చుకుంటాయి.

పాత సూపర్‌వైజరు

నేను చూసినంతలో, మధ్యాహ్నం జనం ఉన్న పార్కులో మందు సీసాలు తక్కువ. మనుషులు లేని మూలలోనే ఆ పని జరుగుతుంది. గోడ పక్క గుబురుగా పెరిగిన పొదలను నడుము ఎత్తుకు కత్తిరించండి, రోడ్డు మీద వెళ్లేవాళ్లకు లోపల కనిపించాలి. లైట్లు ట్రాక్ మీద పడాలి, ఆకుల్లో దాక్కోకూడదు. ఈ రెండూ చేసి చూడండి. తాళం కంటే బాగా పనిచేస్తాయి.

లైట్ల మాట వచ్చింది కాబట్టి, ఇది మాత్రం ఎవరూ వాయిదా వేయకండి. వానాకాలం ముందు ప్రతి లైటు స్తంభానికీ ఎర్తింగ్ చూపించండి. కింద మూత ఊడిపోయి వైర్లు బయటకు ఉంటే ఆ రోజే మూయించండి. స్విచ్ బోర్డు దగ్గర ఈఎల్‌సీబీ, అంటే కరెంటు లీకైతే వెంటనే సరఫరా ఆపేసే స్విచ్, ఉండాలి. పిల్లలు తడిచేతుల్తో స్తంభాలు పట్టుకుని తిరుగుతారు.

ఇద్దరు పిల్లల అమ్మ

ఆట పరికరాల గురించి నేను చెబుతాను. తెగిన ఉయ్యాలను తాడుతో కట్టి వదిలేయకండి, బాగయ్యేవరకు పూర్తిగా తీసి లోపల పెట్టించండి. పిల్లలకు "ఇది పాడైంది" అన్న బోర్డు ఆగదు.

దెబ్బలు ఎక్కువగా తగిలేది పరికరం వల్ల కన్నా కింద నేల వల్ల. మా పార్కులో జారుడుబల్ల కింద టైల్స్ వేశారు, చూడ్డానికి శుభ్రంగా ఉంటుందని. పడితే తల పగులుతుంది. కింద కనీసం ముప్పావు అడుగు మందంతో మెత్తటి ఇసుక ఉండాలి, అది గట్టిపడకుండా అప్పుడప్పుడు తిరగదోడాలి. కుక్కలు, పిల్లులు పాడుచేస్తాయి కాబట్టి పొద్దున ఒకసారి చూడాలి. స్టీలు జారుడుబల్ల ఎండలో కాలిపోతుంది, దాన్ని చెట్టు నీడలోకి మార్చండి, లేదా ఉత్తరం వైపు తిప్పి పెట్టించండి. ఓపెన్ జిమ్‌కు నెలకోసారి గ్రీజు పెడితే చాలు, ఏళ్ల తరబడి ఉంటుంది. పెట్టకపోతే బేరింగులు అరిగి ఒక్కొక్కటే ఆగిపోతుంది. మా దగ్గర అలా ఆగినవే ఎక్కువ.

రెండు చక్రాలు

నేను వీల్‌చైర్‌లో తిరుగుతాను. బైకులు రాకుండా పార్కు గేటు దగ్గర అడ్డదిడ్డంగా ఇనుప గొట్టాలు పాతుతారు. బైకు రాదు, నేనూ రాలేను. స్ట్రోలర్‌తో వచ్చే తల్లులు, వాకర్ పట్టుకుని నడిచే తాతలు కూడా రాలేరు. గొట్టాల మధ్య 90 సెంటీమీటర్ల వెడల్పు వదిలితే వీల్‌చైర్ పడుతుంది. ట్రాక్ మొదట్లో ఒక్క మెట్టు ఉన్నా నాకు అది గోడే. 2016 వికలాంగుల హక్కుల చట్టం వచ్చి ఇన్నేళ్లయింది. మందారం గారూ, ఆదివారం మీటింగ్‌లో ఈ ఒక్క విషయం చెప్పండి, ఖర్చు కూడా పెద్దగా ఉండదు.

వైజాగ్ గాలి

చెట్ల విషయంలో మా ఊరి అనుభవం పనికొస్తుంది. 2014 అక్టోబర్ 12న హుద్‌హుద్ తుపానుకు విశాఖలో చెట్లు కూలిపోయిన తీరు చూసినవాళ్లు మర్చిపోలేరు. కైలాసగిరి, బీచ్ రోడ్డు పార్కులు, వీధులు, అన్నీ బోసిపోయాయి. త్వరగా పెరుగుతాయని, పూలు బాగుంటాయని వేసిన తురాయి, పెల్టోఫోరం లాంటివి కొమ్మలు విరిగి, వేళ్లతో సహా పడ్డాయి. అప్పటినుంచి ఏ పార్కులో మొక్క నాటుతున్నా నేను అడిగేది ఒకటే, ఇది ఇరవై ఏళ్లకు ఎలా ఉంటుంది? వేప, కానుగ, నేరేడు, పొగడ నిదానంగా పెరుగుతాయి. పెరగనివ్వండి.

చెట్టు మొదలు దాకా సిమెంటు పోయడం ఇంకో అన్యాయం. ఢిల్లీలో చెట్ల చుట్టూ మీటరు మేర కాంక్రీటు తీసేయాలని 2013లో జాతీయ హరిత ట్రిబ్యునల్ ఆదేశించింది. వేరుకు నీరు, గాలి అందకపోతే పైకి పచ్చగా కనిపించే చెట్టు కూడా ఓ పెద్దగాలికి పడిపోతుంది. ట్రాక్ వేసేటప్పుడు చెట్టు దగ్గరకు వస్తే ట్రాక్‌నే వంచండి.

మందారం

మా గోడ వెంబడి కోనోకార్పస్ చెట్లు వరుసగా ఉన్నాయి. ఎలర్జీ అని కొందరు కొట్టేయమంటున్నారు. ఏం చేయాలి?

పాత సూపర్‌వైజరు

గుజరాత్ ప్రభుత్వం 2023లో వాటిని నాటడం ఆపేసింది, మన దగ్గర కూడా ఇప్పుడు కొత్తగా వేయకూడదనే చెబుతున్నారు. పుప్పొడి మీద ఫిర్యాదులు, వేళ్లు పైపుల్లోకి పోతాయన్న భయం రెండూ ఉన్నాయి. అలాగని ఒక్క రోజులో నరికేస్తే ఉన్న నీడ, దుమ్ము ఆపే తెర రెండూ పోతాయి. పూత రాకుండా కత్తిరిస్తూ ఉండండి. మధ్యమధ్య కానుగ, పొగడ నాటండి. అవి భుజం ఎత్తు దాటాక ఇవి ఒక్కొక్కటే తీయండి. అనుమతి లేకుండా మాత్రం గొడ్డలి పెట్టకండి.

నేపర్‌విల్ నాన్న

అమెరికా గొప్ప చెప్పడానికి కాదు, పద్ధతి మాత్రం పనికొస్తుందని రాస్తున్నాను. మాది షికాగో దగ్గర నేపర్‌విల్, తెలుగువాళ్లు చాలామంది ఉన్నారు. ఇల్లినాయ్‌లో పార్కులకు విడిగా పార్క్ డిస్ట్రిక్ట్ ఉంటుంది. రోడ్లు, మురుగు చూసే నగరపాలక సంస్థ వేరు, పార్కుల సంస్థ వేరు. మా ఇంటి పన్ను బిల్లులో పార్కులకు ఎంత పోతుందో ప్రత్యేకంగా ఒక లైను ఉంటుంది. ఆ సంస్థ సభ్యులను మేం ఓటేసి ఎన్నుకుంటాం. వరదలు వచ్చినా, రోడ్లు గుంతలు పడినా ఆ లైనులో డబ్బు అటు మళ్లదు. సూపర్‌వైజర్ గారు చెప్పిన "టెండరు ఆగితే లాన్ పోతుంది" అన్న సమస్యకు మూలం అదే కదా, పార్కు డబ్బు ఎప్పుడూ చివరి వరుసలో ఉండటం.

న్యూయార్క్ సెంట్రల్ పార్కు 843 ఎకరాలు. 1970లలో ఘోరంగా పాడైపోయింది. 1980లో ఏర్పడిన కన్జర్వెన్సీ అనే లాభాపేక్ష లేని సంస్థ దాన్ని నిలబెట్టింది. వాళ్లు చేసిన పనుల్లో నాకు బాగా నచ్చింది ఒకటి. పార్కును చిన్న భాగాలుగా విడగొట్టి, ఒక్కో భాగానికి ఒక్కో తోటమాలిని బాధ్యుడిగా పెట్టారు. ఆ భాగంలో చెత్త ఉన్నా, మొక్క ఎండినా ఎవరిని అడగాలో అందరికీ తెలుసు. మాలి గారి అబ్బాయి రాసింది చదువుతుంటే నాకు ఇదే గుర్తొచ్చింది. డబ్బు కంటే ముందు, ఈ నేల నాది అని చూసుకునే మనిషి, ఆ మనిషికి స్థిరమైన ఉద్యోగం.

మాలి గారి అబ్బాయి

థాంక్స్ అన్నా. పార్కు గేటు దగ్గర బోర్డు మీద ఎమ్మెల్యే, కార్పొరేటర్, కమిషనర్ పేర్లు ఉంటాయి. మాలి పేరు, ఆయన వచ్చే వేళలు, ఫిర్యాదుకు ఆఫీసు నంబరు కూడా రాయమని అడగండి. కాగితం మీద ఇద్దరు, పనిలో ఒక్కరు అనే లెక్క అక్కడే ఆగుతుంది.

లా పాయింట్

మంచి మాట. దానికి తోడు, ఏజెన్సీ ఒప్పందం కాపీ సమాచార హక్కు కింద తీసుకోండి. ఎంతమంది మనుషులు, రోజుకు ఎన్ని గంటలు, ఏ పనికి బిల్లు పెట్టారు అన్నీ అందులో ఉంటాయి. చేతిలో ఆ కాగితం ఉంటే ఆఫీసులో మాట తీరే మారుతుంది.

మందారం

అందరికీ చేతులెత్తి నమస్కారం. ఇవన్నీ రాసుకుని ఆదివారం మీటింగ్‌లో పెట్టాను. ఏం అనుకున్నామో చెబుతాను.

పార్కును పూర్తిగా తీసుకోవడం లేదు. జీతాలు, బోరు, కరెంటు, పెద్ద రిపేర్లు మున్సిపాలిటీవే. మాలిని మా పార్కుకే ఉంచాలని, ఒప్పందం కాపీ ఇవ్వాలని రెండు ఉత్తరాలు ఇచ్చాం, రసీదు తీసుకున్నాం. సంఘం తరఫున ఆకుల గుంత, జిమ్‌కు గ్రీజు, ఉయ్యాల కింద ఇసుక, మాలి గారికి తొడుగులు, పనిముట్లు చూసుకుంటాం. ఫౌంటెన్ తొట్టిలో మట్టి నింపడానికి మున్సిపాలిటీ ఏఈ (అసిస్టెంట్ ఇంజినీర్) గారు ఒప్పుకున్నారు. గేటు గొట్టాల్లో ఒకటి తీయించడానికి కూడా ఒప్పుకున్నారు, రెండు చక్రాలు గారికి ప్రత్యేకంగా చెబుతున్నాను. మధ్యాహ్నం తెరిచే విషయంలో ఇంట్లో ఉండే ఆడవాళ్లే ఎక్కువ మంది తెరవాలన్నారు. ముందు నెల రోజులు చూద్దామని తీర్మానం.

ఒక్క ప్రశ్న మిగిలింది. స్థలం మా లేఅవుట్ ప్లానులో ఉంది కానీ గిఫ్ట్ డీడ్ దొరకలేదు. లేఅవుట్ వేసినాయన చనిపోయారు. ఇప్పుడేం చేయాలి?

లా పాయింట్

కంగారు పడకండి, కానీ ఆలస్యం చేయకండి. ముందు సబ్ రిజిస్ట్రార్ ఆఫీసులో ఆ సర్వే నంబరు మీద ఈసీ (ఆ స్థలం మీద జరిగిన రిజిస్ట్రేషన్ల వివరాల పత్రం) తీయండి, లేఅవుట్ ఆమోదం పొందిన ఏడాది నుంచి ఇప్పటివరకు. గిఫ్ట్ డీడ్ రిజిస్టర్ అయి ఉంటే అందులో కనిపిస్తుంది. లేకపోతే ఆమోదించిన ప్లాను సర్టిఫైడ్ కాపీతో మున్సిపల్ కమిషనర్‌కు, పట్టణ ప్రణాళిక విభాగానికి రాసి, ఈ స్థలాన్ని పార్కుగా తమ ఆస్తుల రిజిస్టర్‌లో ఎక్కించమని కోరండి. కొందరు ప్లాటు యజమానుల సేల్ డీడ్‌లలో హద్దుల దగ్గర "పార్కు" అని రాసి ఉంటుంది, ఆ కాపీలు కూడా జత చేయండి. మంచి సాక్ష్యం. ఈసీ వచ్చాక ఇక్కడ చెప్పండి, ఉత్తరం నమూనా రాసి పెడతాను.